ఇంటి జ్ఞాపకములకొక గాదె

మన గోదావరీ మండలములలో వస్తువును నిలువచేయుట స్త్రీలకు వెన్నతోఁ బెట్టిన విద్య. ధాన్యమునకు గాదె, చింతపండునకు కుండ, ఆవకాయకు జాడి, పట్టుచీరలకు భోషాణము. ఏది యెక్కడ నుంచిన చెడకుండునో, దేనికి తడి తగులరాదో, దేనికి గాలి యాడవలెనో మనకెవ్వరును నేర్ప నక్కఱలేదు. ఇప్పుడు మన యిండ్లలో క్రొత్త సరకొకటి పేరుకొనుచున్నది. అది తూకమునకు రాదు, కుంచమునకు రాదు. పెండ్లి వీడియోలు, పిల్లల బొమ్మలు, పెద్దల పాటలు, ముసలివారు పదే పదే చూడగోరు పాత సినిమాలు - ఇవియే ఆ సరకు. ఇవన్నియు నాలుగైదు ఫోనులలోను, ఒక పాత ల్యాప్‌టాప్‌లోను, సొరుగులోని పెన్‌డ్రైవులలోను చెల్లాచెదరుగా పడియున్నవి. ఈ సరకునకు గాదె యేది? గడచిన వేసవిలో మా యింట నీ ప్రశ్న పుట్టినది. తక్కువ సొమ్ములో దానికి జవాబు వెదకునప్పుడు నేను తెలిసికొనిన సంగతులు తోడి గృహిణులకు పనికివచ్చునను నాశతో నిచ్చట వ్రాయుచున్నాను.

మాది కోనసీమలో నొక లంకయూరు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా ప్రాంతమువా రింకను మఱువలేదు. భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు లేచిన సంవత్సర మది. అప్పటికి నేనీ యింటికి కోడలినై రాలేదు. మా అత్తగారు చెప్పగా విన్నాను. మనుష్యులు డాబాలమీది కెక్కి ప్రాణములు దక్కించుకొనిరి గాని, క్రిందిగదిలోని రేకుపెట్టె రెండు దినములు నీళ్లలో నుండిపోయెనట. అందులో ఆమె పెండ్లినాటి ఫోటోలును, ఆమె తల్లిగారి చిత్రమును ఒకదానితో నొకటి యంటుకొని ముద్దయైపోయినవి. తల్లిగారికి వేఱొక చిత్రము లేదు. పదేండ్ల తర్వాత 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుఫాను కొబ్బరితోటలను నేలకూల్చిన రాత్రి, మా పెంకుటింటి కప్పు లేచిపోయి, మిగిలినవానిలో మరికొన్ని తడిసిపోయినవి.

ఈ రెండు గండములును గడచి మిగిలినవి నాలుగు క్యాసెట్లు. వానిలో మా అత్తగారి అక్కగారు పాడిన పాటలున్నవి. మేలుకొలుపులు, అప్పగింతల పాటలు, రామాయణపు పాటలు, మఱియు ఎవ్వరి పుస్తకములోను చేరని యింటి పాటలు. ఆమె గతించి చాలకాలమైనది. మా అత్తగారికిపు డెనుబదియేండ్లు దాటినవి, చూపు మందగించినది, చెవులు మాత్రము చక్కగా వినబడును. ఆ గొంతు వినవలెనని యామె కోరిక. క్యాసెట్టులోని టేపు మన తేమగాలిలో బూజుపట్టును. తిప్పు యంత్రములును దొరకుట కష్టమగుచున్నది. అందుచేత రాజమహేంద్రవరములో నొకచోట వానిని కంప్యూటరు ఫైళ్లుగా మార్పించి తెచ్చితిమి. ఆ ఫైళ్ల నెక్కడ నుంచవలెనన్నదే మా ప్రశ్నకు మూలము.

"నెలనెలా చందాలు కట్టుచునే యున్నాము గదా, మఱల నింకొక పెట్టె యెందులకు?" అని మావారి యాక్షేపణ. సినిమాల విషయములో నిది కొంతవఱకు నిజమే. కాని చందా కట్టి చూచు సినిమా మనది కాదు. ఆ సంస్థకును, చిత్రహక్కుదారునకును గల యొడంబడిక తీరిననాడు నిన్న చూచిన చిత్రము నేడు కనబడదు. పోయిన చిత్రము పోయినట్లే యగుటయు గలదు. 1921లో రఘుపతి వెంకయ్యగారి కుటుంబమువారు తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" తెలుగువారి తొలి మూకీ చిత్రము; నేడు దానిని చూచు భాగ్య మెవ్వరికిని లేదు. అంతటి చిత్రమే నిలువకపోగా, మన యింటి పాట నెవరు నిలుపుదురు? దానికి ఏ సంస్థయు చందా పుచ్చుకొనదు. ఈ మాట చెప్పినపిమ్మట మావారు మారుపలుకలేదు. "అయితే ముప్పదివేలు దాటరాద"ని మాత్ర మనిరి.

నిలువపెట్టె యనగా నేమో మొదట చెప్పెదను. దీనిని దుకాణములలో "నాస్" అందురు. చూచుటకు చిన్న పచారీ డబ్బావలె నుండును. లోపల నొకటి రెండు హార్డు డిస్కు లమర్చు అరలుండును. ఒక తీగతో దానిని ఇంటి రౌటరునకు తగిలింతురు. ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట ముగియకమునుపు గోదావరి మన గడపలోనుండియే ప్రవహించినను మన చేలకు నీరు లేదు. ఆనకట్ట నీటిని నిలిపినది, కాలువలు పంచినవి. ఇదియు నట్టిదే. పెట్టె ఆనకట్ట, రౌటరు లాకు, ఇంటిలోని టీవీ, ఫోనులు, టాబ్లెట్టు పిల్లకాలువలు. ఒక్కచోట నుంచిన పాటను వంటయింటిలో నొకరు, పడకగదిలో నొకరు, ఏకకాలమున వినవచ్చును. ముఖ్యముగ గమనింపవలసిన సంగతి యేమనగా, ఇంటిలోపల జరుగు నీ పంపకమునకు ఇంటర్‌నెట్ ఖర్చు లేదు. బయటి లైను తెగినను ఇంటి టీవీలో ఇంటి బొమ్మ యాడుచునే యుండును.

ఇట్టి యేర్పాటునకు నాలుగు మార్గములు గలవు.

మొదటిది, రౌటరు వెనుక యూఎస్‌బీ రంధ్రమున్నచో, దానికి బయటి హార్డు డిస్కు తగిలించుట. అన్నిటికంటె చవుక. కాని అన్ని రౌటర్లకు నీ సౌకర్యముండదు. ఉన్నను వేగము తక్కువ. దానిలో భద్రతకు సంబంధించిన యేర్పాట్లు స్వల్పము.

రెండవది, మూలబడిన కంప్యూటరులో జెల్లీఫిన్ వంటి యుచిత సాఫ్ట్‌వేరు వేసికొనుట. ఈ జెల్లీఫిన్ 2018 నుండి స్వచ్ఛందముగ పనిచేయువారు నడుపుచున్నది, చందా లేదు. అయితే బల్లమీది పాత కంప్యూటరు 60 వాట్లు త్రాగునదైనచో, రేయింబవళ్లు నడచిన నెలకు 43 యూనిట్లగును. పాత ల్యాప్‌టాప్ తక్కువ త్రాగును గాని, ఎల్లప్పుడు కరెంటు తగిలించియుంచిన దాని బ్యాటరీ యుబ్బు ప్రమాదము గలదు.

మూడవది, రాస్ప్‌బెర్రీ పై యను అరచేతిపాటి కంప్యూటరు పలక. చవుకయు, పొదుపును. కాని దానిని తీర్చిదిద్దు నేర్పరి ఇంటిలో నుండవలెను.

నాలుగవది, సైనాలజీ, క్యూనాప్, అసుస్టర్, టెర్రామాస్టర్ మొదలగు సంస్థలవారు తయారుచేసి యమ్ము పెట్టె. వెల యెక్కువ, కాని సాఫ్ట్‌వేరు సిద్ధముగ వచ్చును, రెండరల చిన్న పెట్టె సుమారు 15 వాట్లతో నడచును, అనగా నెలకు 11 యూనిట్లకు లోపు.

ఈ నాలుగింటిలో దేనిని కోరుకొనవలె ననుటకు నేనొక చిన్న పరీక్ష పెట్టుకొంటిని. "హైదరాబాదులోనున్న మా అబ్బాయి ఆఱు నెలలవఱకు రానిచో, ఈ యంత్రమును నడపువా రెవరు?" అబ్బాయి కంప్యూటర్ల పనివాడు. వాడు రెండవ మార్గమే మేలనెను, సొమ్ము మిగులుననెను. వాని మాట నిజమే. కాని వాడింట లేడు. కోడలు లేనినాడు పొయ్యి వెలుగని యిల్లును, కొడుకు లేనినాడు పాట పలుకని పెట్టెయు నొక్కటే. కావున నాలుగవ మార్గమే మా యింటికి తగినదని నిశ్చయించితిని. ఇంటిలో నేర్చినవారున్న సోదరీమణులు రెండవదానినో మూడవదానినో నిస్సందేహముగ గైకొనవచ్చును.

ఇక దుకాణమునకు పోవునపు డడుగవలసిన ప్రశ్నలు.

ఎంత స్థలము కావలెను? ఈ లెక్క మనమే వేసికొనవచ్చును. సాధారణపు నాణ్యముగల పాట నిమిషమునకు ఇంచుమించు 1 మెగాబైటు. కనుక మా నాలుగు క్యాసెట్ల 6 గంటల పాటలు 360 మెగాబైట్లు మాత్రమే. ఫోటో 4 మెగాబైట్లనుకొనిన, 10,000 ఫోటోలు 40 గిగాబైట్లు. మంచి స్పష్టతగల రెండున్నర గంటల సినిమా సెకనునకు 8 మెగాబిట్ల చొప్పున 9 గిగాబైట్లు. అనగా మా అత్తగారి అక్కగారి పాటలన్నియు గలిపి యొక సినిమాలో ఇరువదియైదవ వంతు! అమూల్యమైనది అణువంత స్థలమే యడుగుచున్నది. సినిమాలే గాదెను నింపునవి. 4 టెరాబైట్ల డిస్కు మాకు పుష్కలము. కంప్యూటరులో నది 3.6 అని కనబడును, మోసము కాదు. తయారీదారులు వేయింటితో లెక్కించుటయు, కంప్యూటరు 1024తో లెక్కించుటయు కారణము.

పెట్టె వెలలో డిస్కు చేరియున్నదా? పెక్కింటిలో చేరదు. పెట్టె వేఱు, డిస్కు వేఱు. ప్రకటనలోని వెల చూచి సంతసింపక, రెండును గలిపి లెక్క వేయవలెను.

డిస్కు ఏ రకము? ఇది మన పెంకుటిండ్ల యుదాహరణముతో సులభముగ తెలియును. కొన్ని డిస్కులలో సమాచారపు వరుసలు పెంకులవలె నొకదానిమీద నొకటి కొంచెము కప్పియుండును. స్థలము కలిసివచ్చును గాని, నడుమ నొక పెంకు మార్చవలెనన్న ప్రక్కవానిని గూడ కదల్పవలెను గదా! అట్లే వీనిలో తిరిగి వ్రాయుట ఆలస్యము. దీనిని "ఎస్సెమ్మార్" అందురు. కప్పని రకమును "సీయెమ్మార్" అందురు. నిలువపెట్టెకు రెండవదియే మేలు. 2020లో ఈ విషయముపై పెద్ద గగ్గోలు పుట్టి, వెస్టర్న్ డిజిటల్ వారు తమ రెడ్ డిస్కులలో కొన్ని పెంకుల పద్ధతివని వెల్లడించిరి. కప్పని రకమునకు రెడ్ ప్లస్ అని పేరుపెట్టిరి.

ఎంత బలముగల ప్రాసెసరు కావలెను? టీవీకి తెలిసిన రూపములో ఫైలున్నచో, పెట్టె దాని నున్నదున్నట్లు అందించును. వండిన యన్నము వడ్డించినట్లు. తెలియని రూపమైనచో, అప్పటికప్పుడు మార్చి యందింపవలెను. వడ్లు దంచి, వండి, వడ్డించినట్లు. చవుక పెట్టెల కీ దంపుడు చేతకాదు. బొమ్మ యాగి యాగి యాడును. మన పాత వీడియోలను ముందుగనే హెచ్.264 అను రూపములో మార్పించి యుంచుకొనిన, ఇంచుమించు అన్ని టీవీలును దానిని గ్రహించును. అప్పు డధిక మూల్యముగల ప్రాసెసరుతో పనిలేదు. బడ్జెట్టులో మిగిలిన పెద్ద మొత్త మిదియే.

ఎన్నేండ్లు మరమ్మతు ఫైళ్లు పంపుదురు? ఇది తలుపు గడియ వంటి ప్రశ్న. మైబుక్ లైవ్ అను నొక పాతరకపు పెట్టెకు 2015 తర్వాత సవరణలు రాలేదు. 2021 జూనులో దుర్మార్గులు ఇంటర్‌నెట్ ద్వారమున జొరబడి, లోకమున ననేకుల యిండ్లలోని ఆ పెట్టెలను ఖాళీచేసిరి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను ముఠావారు క్యూనాప్ పెట్టెలు పెక్కింటిలోని ఫైళ్లకు తాళమువేసి సొమ్మడిగిరి. కావున పెట్టెను బయటి లోకమునకు తెఱువక, ఇంటిలోపలి వాడుకకే యుంచుట క్షేమము. కొన్ననాడే దాని మొదటి సంకేతపదమును మార్పవలెను. సవరణలు వచ్చినపుడెల్ల వేసికొనవలెను.

ఇక మా యింట వాదోపవాదములు పుట్టిన ఘట్టమునకు వచ్చుచున్నాను. రెండరల పెట్టెలో రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో వ్రాసినదే రెండవదానిలోను వ్రాయునట్లు చేయవచ్చును. దుకాణదారుడు దీనినే గట్టిగ చెప్పెను. అబ్బాయియు, "ఒకటి పోతే రెండోది ఉంటుంది కదమ్మా" అనెను. సొమ్ము రెండు డిస్కులకు మాత్రమే చాలును. నేను దీర్ఘముగ నాలోచించుచుండగా, మంచముమీద కూర్చుండి వినుచున్న మా అత్తగారు, "అమ్మాయీ, గాదెలో అరలు రెండున్నాయంటున్నారు, సరే. గాదెలోకే నీళ్లొస్తే?" అని యడిగిరి.

ఆ యొక్క ప్రశ్నతో వాదము తీరినది. జంట డిస్కులు అద్దములోని ప్రతిబింబము వంటివి. ఒక డిస్కు తనంత తాను చెడిపోయినచో రెండవది యక్కఱకు వచ్చును, నిజమే. కాని పిల్లవాడు పొరపాటున నొక పాటను చెరిపివేసిన, అద్దములోనిదియు నా క్షణముననే చెరిగిపోవును. పిడుగు పడిన, దొంగ యెత్తుకొనిపోయిన, వరద వచ్చిన, రెండును గలిసియే పోవును. కనుక రెండవ డిస్కు ఆ పెట్టెలో నుండుటకంటె వేఱొక యూర నుండుట మేలు. తెలిసినవారు దీనికొక సూత్రము చెప్పుదురు: ప్రతులు మూడు, రెండు విధముల సాధనములపై, ఒకటి యింటికి వెలుపల.

మేము రెండరల పెట్టెనే కొని, ఒక యరలో 4 టెరాబైట్ల డిస్కు నమర్చి, రెండవ యర ఖాళీగ నుంచితిమి. మిగిలిన సొమ్ముతో ఒక బయటి హార్డు డిస్కు కొని, సర్వమును దానిలోనికి నకలు చేసి, రాజమహేంద్రవరములో మిట్టమీదనున్న మా ఆడపడుచుగారి యింట బీరువాలో నుంచితిమి. మూడు నెలలకొకసారి ఆమె వచ్చునపుడు దానిని తెచ్చును. క్రొత్తవానిని చేర్చి మరల పంపుదుము. పాటల ఫైళ్లు మాత్రము చిన్నవి గనుక మూడవ ప్రతిగా అబ్బాయి కంప్యూటరులోను ఉన్నవి. మొత్తము ముప్పదివేల గీటు దాటలేదు. చేతిలో సొమ్మాడినపుడు ఖాళీ యరలో రెండవ డిస్కు చేరును, తొందర లేదు.

పెట్టె నుంచు తావును గూర్చి రెండు మాటలు. మా యింటి గోడమీద 1986 నాటి నీటిగుర్తు నేటికిని గలదు. 2022 జూలైలో భద్రాచలమువద్ద మరల 71.3 అడుగులు వచ్చినపుడు మా వీధిలోనికిని నీరు వచ్చినది. కావున ఆ గుర్తునకు రెండడుగుల యెత్తున అలమార కొట్టించి పెట్టెను దానిపై నుంచితిమి. నలుప్రక్కల గాలి యాడవలెను గనుక తలుపులు పెట్టింపలేదు. వంటయింటి పొగకును, కిటికీ జల్లునకును దూరముగ నుండవలెను. కరెంటు హఠాత్తుగా పోవుట డిస్కునకు హానికరము. ఇంటి ఇన్వర్టరునకు "యూపీఎస్" అను మీట యున్నచో దానిని ఆ వైపునకు త్రిప్పవలెను. అప్పుడు మార్పు త్వరగ జరిగి పెట్టె యారిపోదు. పాత యిండ్ల దళసరి గోడలను వైఫై చక్కగ దాటలేదు. టీవీకి తీగ వేయించుటయే యుత్తమము. దాని ఖర్చు స్వల్పము.

సినిమాలను గూర్చి న్యాయమైన మాటయు చెప్పవలెను. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సినిమాకు హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు. మన గోదావరి యొడ్డున తీసిన "మూగమనసులు" 1964 నాటిది; ఆ గడువు 2024తో ముగిసినది. అందలి పాటలకును కథకును వేఱు హక్కు లుండవచ్చును. క్రొత్త చిత్రములను దొంగదారిని తెచ్చి నింపుటకు గాదె కట్టుకొనలేదు. సొమ్మిచ్చి కొన్న డిస్కులు, మన యింటి వేడుకలు, మనవారి గొంతులు - ఇవి చాలును.

పెట్టె వచ్చిన తర్వాత తెలిసిన సంగతి యొకటి గలదు. యంత్రము ఫైలును నిలుపును గాని పేరును నిలుపదు. మా ఫోటోలలో సగమునకు అంకెలే పేర్లు. పాటలకు "మొదటి క్యాసెట్టు, రెండవ ప్రక్క" అని తప్ప వేఱు గుర్తు లేదు. ఇప్పుడు ప్రతి మధ్యాహ్నము భోజనములైన పిమ్మట మా అత్తగారు వినుచు, "ఇది మా మేనత్త దగ్గర నేర్చుకున్నది, ఇది పెండ్లిలో నలుగు నాడు పాడేది" అని చెప్పుదురు. నేను తెలుగులో పేరు వ్రాసి యుంచుదును. ఇప్పటికి 37 పాటలకు పేర్లు గలిగినవి. ఒక పాట నడుమ ఎవరో పసిబిడ్డ యేడ్చుట వినవచ్చినది. మా అత్తగారు నవ్వి, "వాడే మీ ఆయన" అనిరి. ఆ ఫైలునకు ఆ సంగతియు వ్రాసితిని.

సోదరీమణులారా! పెట్టె యెప్పుడైనను కొనవచ్చును. వెలలు నానాటికి మారును. నేటి యంత్రము పదేండ్లకు పాతబడును. కాని యే పాట యెవరిదో, ఏ బొమ్మలో నెవరున్నారో చెప్పగల పెద్దలు మన యిండ్లలో నెన్నాళ్లుందురు? పెట్టె లేకున్నను నేడే యొక నోటుపుస్తకము తీసికొని వారి ప్రక్కన కూర్చుండుడు. పేర్లు వ్రాయుడు. గాదె తర్వాత కట్టవచ్చును. గింజ మాత్రము చేతిలోనుండగనే పోగుచేసికొనవలెను.